పెరట్లో ఊయల: చీరా, చెట్టు కొమ్మా, ఇనుప స్టాండా? ఏది మేలు?

ఈ మూడింటిలో చీర ఊయలను ముందే పక్కన పెట్టేద్దాం. పసిబిడ్డను నిద్రపుచ్చడానికి, పెద్దవాళ్లు పక్కనే ఉండి ఊపే చీర ఉయ్యాల సంగతి వేరు. దాన్ని ఆరేళ్ల, పదేళ్ల పిల్లలకు ఆటవస్తువుగా వదిలేయడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. పిల్లలు అందులో కూర్చుని గిరగిరా తిరుగుతారు. తిరిగిన కొద్దీ బట్ట మెలిపడి మెడకు బిగుసుకుంటుంది. గొంతు నొక్కుకుపోయిన బిడ్డ కేక కూడా వేయలేదు. ఇంట్లో ఉన్నవాళ్లకు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లోనూ ఇలాంటి వార్తలు మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నాం. చంటిబిడ్డ లేని సమయంలో చీరను కొక్కెం నుంచి తీసి మడిచి పెట్టండి. బిడ్డ పెద్దయ్యాక పూర్తిగా విప్పేయండి.

మిగిలిన పోటీ చెట్టుకూ ఇనుప స్టాండుకూ. అట్లతద్దికి చెట్టు కొమ్మకు తాడు వేసి ఊగిన తరాలకు చెట్టు ఊయలంటే ఉండే మమకారం నాకు అర్థమవుతుంది. నీడ ఉంటుంది, గాలి ఉంటుంది, పెద్దగా ఖర్చూ లేదు. కానీ ఏ చెట్టు అన్నదే అసలు ప్రశ్న. మునగ, నేరేడు కొమ్మలు పెళుసు, వాటిని నమ్మకూడదు. ముదురు చింత, మామిడి మేలు. అప్పుడైనా కొమ్మ పచ్చిగా, లావుగా ఉండాలి. పుచ్చు, చీలిక ఉండకూడదు. పైన కనిపించని మరో శత్రువు రాపిడి. ఊగిన ప్రతిసారీ తాడు బెరడుకు ఒరుసుకుని పోగు పోగుగా తెగుతుంది. కొబ్బరి తాడు వానకు కుళ్లుతుంది, ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసవుతుంది. కింద నిలబడి లాగి చూస్తే గట్టిగానే అనిపిస్తుంది కాబట్టి నిచ్చెన వేసుకుని ముడి దగ్గర చూడాల్సిందే.

ఇనుప స్టాండుకు ఈ బెడద తక్కువ. దాని లోపాలు వేరు. కాళ్లను నేలలో కాంక్రీటు వేసి పాతకపోతే పిల్లలు జోరుగా ఊగినప్పుడు స్టాండే లేస్తుంది. వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు పడుతుంది. గొలుసును తగిలించే కొక్కేల నోరు కాలక్రమంలో తెరుచుకుంటుంది. అందులో చొక్కా అంచు చిక్కుకున్నా, గొలుసు జారిపోయినా ప్రమాదమే. మే నెల మధ్యాహ్నం ఆ ఇనుము చెయ్యి కాలుస్తుంది. అయితే ఇవన్నీ కంటికి కనిపించే లోపాలు, ఒక స్పానరు, కాస్త రంగు, కొత్త కొక్కెంతో సరిదిద్దుకోగలిగేవి. కొమ్మ లోపలి పుచ్చును అలా సరిదిద్దలేం.

ఇంతకీ దెబ్బ తగిలేది ఎక్కువగా ఊయల విరిగి కాదు, పిల్లలు కింద పడి. స్టాండు కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగేవాళ్లు కూడా దాన్ని తెచ్చి సిమెంటు గచ్చు మీద నిలబెట్టడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. గచ్చు పనికిరాదని అందరూ ఒప్పుకుంటారు, పచ్చిక చాలదంటే మాత్రం నమ్మరు. పిల్లల కాళ్లు రాసుకునే చోట గడ్డి చచ్చి, నేల రాయిలా గట్టిపడుతుంది. అమెరికాలోని వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ గడ్డినీ మట్టినీ రక్షణ ఇచ్చే నేలగా లెక్కించదు. దాని కొలతల ప్రకారం 9 అంగుళాల ఇసుక 4 అడుగుల ఎత్తు నుంచి పడే దెబ్బకే సరిపోతుంది. అంతే మందం చిన్న చెక్క ముక్కలు (వుడ్ చిప్స్) 10 అడుగుల వరకూ, 6 అంగుళాల రబ్బరు తునకలు కూడా 10 అడుగుల వరకూ కాపాడతాయి. ఊయల విషయంలో ఆ ఎత్తును కొలిచేది పీట నుంచి కాదు, గొలుసు వేలాడే పైకమ్మీ నుంచి. అంటే 6 అడుగుల స్టాండు కింద ఇసుక పోసి నిశ్చింతగా ఉండలేం. చిన్నపిల్లల పొట్టి ఊయలకు ఇసుక, అంతకన్నా ఎత్తైనదానికి చెక్క ముక్కలు లేదా రబ్బరు తునకలు. ఇసుకైనా చెక్క ముక్కలైనా తొక్కుడుకు అణిగిపోతాయి కాబట్టి 9 అంగుళాలు నిలవాలంటే 12 పోయాలి, ఏది వేసినా పక్కలకు చెదిరినదాన్ని తరచూ మధ్యకు లాగాలి. మన దగ్గర ఇసుకలో పిల్లులూ తేళ్లూ చేరతాయి, చెక్కకు చెద పడుతుంది; ఆ చాకిరీ తప్పదు. వ్యాయామశాలల్లో పరిచే పలచని రబ్బరు చాపలు వీటికి బదులు కావు.

చెట్టు ఊయల ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. కొమ్మ ఎత్తు మన చేతిలో లేదు. ఎత్తైన కొమ్మకు పొడవైన తాడు, దాంతో ఊపు ఎక్కువ, పడే ఎత్తూ ఎక్కువ. కింద వేర్లు పరుచుకుని ఉంటాయి, తవ్వి మెత్తని నేల వేయడం కుదరదు.

ఖాళీ జాగా సంగతి కూడా చూడాలి. పైకమ్మీ ఎత్తుకు రెట్టింపు దూరం ముందూ, అంతే వెనకా ఖాళీగా ఉండాలి. పక్కలకు 6 అడుగులు. 6 అడుగుల స్టాండుకు ముందు వెనకలు కలిపి 24 అడుగులన్నమాట. ప్రహరీ గోడ, బట్టలుతికే బండ, తులసికోట, బావి గట్టు ఆ పరిధిలోకి రాకూడదు. 200 గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు అంత పెరడు మిగలదు. అప్పుడు ఊయల మానేయనక్కర్లేదు, పొట్టి స్టాండు తీసుకుంటే చాలు.

నా ఓటు పొట్టి ఇనుప స్టాండుకే: కాళ్లు పాతి, కింద తగిన నేల వేసి, చెక్క పీట బదులు మెత్తగా వంగే రబ్బరు సీటు తగిలించి. ఊగే పీటకు ఎదురుగా పరుగెత్తుకొచ్చే రెండేళ్ల పిల్లల నుదురు ఆ పీట ఎత్తులోనే ఉంటుంది. అందుకే సీటు విషయంలో నేను రాజీపడను. చెట్టు ఊయలను పెద్దవాళ్లు దగ్గరుండే పండుగ రోజుకు కట్టి, సాయంత్రానికి విప్పేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు పాత చెక్క ఊయల సెట్టు ఎవరి దగ్గరైనా కొంటుంటే అది ఎప్పటిదో అడగండి. ఆర్సెనిక్ కలిసిన రసాయనంతో శుద్ధిచేసిన కలపను ఇళ్ల వాడకానికి తయారుచేయడం అక్కడ 2003 చివరితో ఆపేశారు. అంతకు ముందుదైతే వద్దనండి.

ఏ ఊయలైనా సరే, ఎక్కే ముందు పిల్లల మెడలో చున్నీ, తాడు, టోపీ నాడా లేకుండా చూడండి. గొలుసుల కొక్కేలు, నట్లు వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి బిగించండి.