పిల్లల వార్డులో హాస్పిటలిస్ట్ దగ్గర శిక్షణ: ఐదుకు నాలుగు మార్కులు

అమెరికాలో పీడియాట్రిక్స్ రెసిడెన్సీ, అంటే డాక్టర్ డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే పిల్లల వైద్య శిక్షణ, మూడేళ్లు. అందులో వార్డు పోస్టింగులు ఇప్పుడు చాలాచోట్ల హాస్పిటలిస్టుల చేతిలో ఉన్నాయి. అంటే, ఆసుపత్రిలో చేరిన పిల్లల్ని చూడటమే పనిగా పెట్టుకున్న డాక్టర్లు. ఆ మాట 1996లో వాడుకలోకి వచ్చింది. పిల్లల వైద్యంలో దీన్ని సబ్‌స్పెషాలిటీగా (ప్రత్యేక ఉపవిభాగంగా) 2016లో గుర్తించారు, 2019లో మొదటి బోర్డు పరీక్ష పెట్టారు. నేర్చుకునే రెసిడెంట్ వైపు నుంచి చూస్తే ఈ ఏర్పాటుకు ఐదుకు నాలుగు మార్కులు వేయొచ్చు.

ఆ నాలుగూ సీనియర్ రోజంతా వార్డులోనే ఉంటున్నందుకు. ఉదాహరణకు బ్రాంకియోలైటిస్‌తో (ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాల వాపుతో) చేరిన నాలుగు నెలల పాప డొక్కలెగరేస్తోంది. చార్టులో శ్వాస నిమిషానికి 64 అని రాసుంది. మంచి హాస్పిటలిస్ట్ ఆ అంకెను అలా వదిలేయరు. చొక్కా పైకెత్తించి, పాప ఏడుపు ఆపాక, గడియారం చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కపెట్టిస్తారు. పసిపిల్లల శ్వాస ఒకే తీరుగా ఉండదు కాబట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తేడా వస్తుంది. తర్వాత ముక్కులో చీమిడి తీయించి మళ్లీ లెక్కపెట్టిస్తారు. అంకె తగ్గితే, ఆయాసంలో ముక్కు వాటా ఎంతో రెసిడెంట్‌కు కళ్లెదుటే తెలుస్తుంది. ఇక సాల్బుటమాల్ నెబ్యులైజేషన్, స్టెరాయిడ్లు వద్దనీ, ఎక్స్‌రే మామూలుగా అక్కర్లేదనీ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చదవడానికి తేలికే. భయపడుతున్న తల్లికి ఆ మాట చెప్పి, రెండు గంటల తర్వాత మళ్లీ వచ్చి చూడటం మాత్రం పక్కన ఉండి నేర్పితేనే వస్తుంది.

సెలైన్ విషయమూ అంతే. 12 కిలోల బిడ్డకు మొదటి 10 కిలోలకు కిలోకి 4 మిల్లీలీటర్లు, మిగతా 2 కిలోలకు రెండేసి, మొత్తం గంటకు 44. లెక్క ఎవరైనా చేస్తారు. ప్రమాదం బాటిల్ ఎంపికలో ఉంది. జబ్బుపడ్డ పిల్లల ఒంట్లో నీటిని పట్టి ఉంచే ఏడీహెచ్ అనే హార్మోన్ పెరిగి నీరు నిలిచిపోతుంది, అప్పుడు సోడియం తక్కువున్న ద్రవం ఎక్కిస్తే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా పోవచ్చు. అందుకే 2018 నుంచి, కొన్ని ప్రత్యేక జబ్బులను మినహాయించి, ఐసోటానిక్ ద్రవాలే, అంటే సోడియం దాదాపు రక్తంలో ఉన్నంత ఉన్నవే, ఎక్కించమంటున్నారు. ఆర్డరులో ఏముందో చూసి ఊరుకోకుండా మంచం దగ్గరికి వెళ్లి బాటిల్ మీది పేరు, పంపు మీది అంకె చదివించే సీనియర్ దొరికితే అదృష్టమే.

రౌండ్స్ దగ్గర చిక్కుంది. పదిహేను మంది పిల్లలకు పదేసి నిమిషాలు వేసుకున్నా రెండున్నర గంటలు. సమయం చాలకపోతే ముందుగా ఎగిరిపోయేది పాఠమే. డిశ్చార్జ్‌లు మొదట ముగించి, పాఠానికి రెండు మంచాలు ముందే ఎంచుకునేవాళ్ల దగ్గరే ఇది నిలుస్తుంది. సాయంత్రం డ్యూటీ అప్పగింతకు, రోగి వివరాలను వరస మెట్లలో చెప్పే ఐ-పాస్ అనే పద్ధతి ఉంది. తొమ్మిది ఆసుపత్రుల్లో దాన్ని అమలు చేశాక వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో వెల్లడైంది. అందులో చివరి మెట్టు, విన్నవాళ్లు తిరిగి అప్పజెప్పడం. తొందరలో దాన్నే ఎగ్గొడతారు.

పోయిన ఆ ఒక్క మార్కు కూడా సీనియర్ అక్కడే ఉన్నందువల్లే. నర్సు ఫోన్ నేరుగా హాస్పిటలిస్ట్‌కే వెళ్తే రెసిడెంట్ ఆర్డర్లు రాసే గుమస్తాగా మిగిలిపోతారు, మూడో ఏడు వచ్చినా నిర్ణయం తీసుకోవడం చేతకాదు. ఆక్సిజన్ అవసరం పెరిగినా, ఐసీయూ ఆలోచన వచ్చినా, నర్సో తల్లో 'బిడ్డ బాగా లేదు' అన్నా వెంటనే పిలవాలి. మిగతావాటిలో రెసిడెంటే ముందు తన ఆలోచన చెప్పాలి. ఈ ఒప్పందం పోస్టింగ్ మొదటి రోజే జరగాలి.

కెరీర్ ఎంపిక మీదా ఈ నీడ పడుతుంది. రోజూ కళ్లెదుట ఉండే సీనియర్ ఉద్యోగమే మనసుకు పడుతుంది. వారం పని, వారం సెలవు అన్న షెడ్యూలు కనిపిస్తుంది గానీ, ఆ వారంలోని రాత్రులు, పండగలు, చలికాలపు రద్దీ అంతగా కనిపించవు. బోర్డు గుర్తింపు కోసం రెసిడెన్సీ తర్వాత ఫెలోషిప్ (ఆ ఉపవిభాగంలో పై శిక్షణ) మరో రెండేళ్లు. పరిశోధన, బోధన, ఆసుపత్రి పద్ధతులను మెరుగుపరచడం ఇష్టమైనవాళ్లకు అది దండగ కాదు. వార్డు వైద్యం మాత్రమే చాలనుకునేవాళ్లు, ఆ రెండేళ్లూ ఫెలో జీతంతో నెగ్గుకురాగలమా అని ముందే లెక్క చూసుకోవాలి. అలాగే ఓపీ క్లినిక్‌లో కనీసం ఒక్క పోస్టింగైనా మనసుపెట్టి చేయకుండా నిర్ణయానికి రావద్దు.

ప్రోగ్రాం ఎంచుకునేటప్పుడు అక్కడి రెసిడెంట్లను ఒక్కటి అడగండి: రాత్రి రెండింటికి నర్సు ఫోన్ చేస్తే ముందు ఎవరు ఎత్తుతారు?