భోగాపురం వైపు టౌన్‌షిప్‌లో ప్లాటు చూస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోందని విజయనగరం, శ్రీకాకుళం నుంచి చాలామంది అటు ప్లాట్లు చూస్తున్నారు. మేము కొన్న టౌన్‌షిప్ పేరు రాయడం లేదు, రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఫిర్యాదు వేసే పనిలో ఉన్నాం. మాకు జరిగింది మాత్రం మీకు జరగకూడదు.

సైట్ ఆఫీసులో గోడంత మ్యాపు. స్కూలు, ఆసుపత్రి, మార్కెట్టు, మురుగునీటి ప్లాంటు. "చండీగఢ్‌లాగా సెక్టార్లుగా కడుతున్నామండీ, పిల్లలు మెయిన్ రోడ్డు దాటకుండా బడికి వెళ్ళొచ్చు" అన్నాడు ఏజెంటు. ఇప్పుడు అక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి తాగడానికి ట్యాంకరే దిక్కు, గట్టి వాన పడితే గెడ్డ (వాగు) వైపు వీధులు మునుగుతాయి, స్కూలు అని చూపించిన చోట కొత్తగా హద్దురాళ్ళు పాతి గజాల లెక్కన అమ్మేస్తున్నారు. ఇదేంటని అడిగితే, "అది ఫేజ్ 2 అండి, మీది ఫేజ్ 1" అని సమాధానం.

మెలిక అంతా అక్కడే ఉంది. రెరాలో రిజిస్టర్ చేసింది ఫేజ్ 1 ఒక్కటే, అందులో ఉన్నవి రోడ్లు, కరెంటు స్తంభాలు, ప్లాట్లు. ఏవి చూపించి గజం రేటు పెంచారో అవన్నీ రిజిస్టర్ కాని ఫేజ్ 2లో ఉన్నాయి. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం మంజూరైన లేఅవుట్ మార్చాలంటే కొన్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కానీ ఫేజ్ 2కి మీకూ సంబంధం లేదని కంపెనీ వాళ్ళ వాదన.

చండీగఢ్ పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా. అక్కడ ఒక్కో సెక్టారు సుమారు 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు, బడీ దుకాణాలూ అందులోనే. కట్టించింది ప్రభుత్వం. అయినా ప్రభుత్వాలు కట్టిన ఊళ్ళలోనే సౌకర్యాలు ఎంత ఆలస్యమయ్యాయో చూడండి. ఇంగ్లండ్‌లో స్టీవనేజ్‌ని కొత్త పట్టణంగా ప్రకటించింది 1946లో, దాని టౌన్ సెంటర్ తెరిచింది 1959లో. నవీ ముంబై కోసం సిడ్కో అనే ప్రభుత్వ సంస్థని పెట్టింది 1970లో, వాశికి లోకల్ ట్రైన్ వచ్చింది 1992లో. ఇరవై రెండేళ్ళు! అన్నాళ్ళూ బాధ్యత పడే సంస్థ ఒకటి ఉంది కాబట్టి చివరికైనా రైలు వచ్చింది. మన పక్కనే ఉక్కునగరంలో బడులూ ఆసుపత్రీ చెట్లూ నిలబడ్డాయంటే వెనక స్టీల్ ప్లాంటు ఉంది. ప్రైవేటు కంపెనీ చేతిలో మొత్తం ఊరు పెడితే ఏమవుతుందో పుణె దగ్గర లవాసాలో చూశాం, 2018లో ఆ కంపెనీ దివాలా కేసులోకి వెళ్ళింది, కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ఇక్కడ ఆఖరి ప్లాటు అమ్ముడయ్యాక మన ఫోను ఎవరు ఎత్తుతారు?

అందుకని మ్యాపు మీద వేలు పెట్టి, స్కూలు ఏ ఫేజులో ఉంది, ఆ ఫేజుకి రెరా నంబరు ఉందా, ఏ తేదీకి పూర్తి చేస్తారు, ఇది అగ్రిమెంటులో రాస్తారా అని అడగండి. రాయం అంటే అది లేనట్టే లెక్కేసుకుని రేటు మాట్లాడండి. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేయాలి, ఆ కాగితం కళ్ళారా చూడండి. సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందేమో చూసుకోండి. అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు 10 శాతం మించి అడిగితే అది చట్టవిరుద్ధం, ఇవ్వకండి. వీలైతే వాన పడ్డ మర్నాడు సైటుకి వెళ్ళండి, అక్కడ ఉంటున్నవాళ్ళతో మాట్లాడండి, ఏజెంటు కారులో మాత్రం వద్దు.

మాలాగే ఇప్పటికే కొన్నవాళ్ళు బ్రోచర్ పారేయకండి, ఏజెంటు వాట్సాప్ మెసేజీలు చెరపకండి. బ్రోచర్‌లో అబద్ధం చెప్పి అమ్మితే డబ్బు వడ్డీతో తిరిగి అడిగే హక్కు 12వ సెక్షన్ ఇచ్చింది. ఇంకోటి, చాలా ముఖ్యం: ఇప్పుడు మెయింటెనెన్స్ రసీదుతో పాటు ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంటున్నారు. అందులో కింది పేరాలో లేఅవుట్ మార్పుకి మాకు అభ్యంతరం లేదు అని ఉంది. డబ్బు కట్టండి, రసీదు తీసుకోండి, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ముందే చెప్పి ఉంచండి, మనం లేని టైము చూసి వస్తున్నారు.