మాన్‌స్టెరా ఆల్బో కటింగ్ కొంటున్నారా, మాస్ విప్పి చిగురు వచ్చే కన్ను ఉందో లేదో చూసుకోండి ముందు

నేను కొన్న ఆల్బో (తెలుపు, పచ్చ కలిసిన ఆకులుండే మాన్‌స్టెరా తీగ) కటింగ్‌కి చుట్టి పంపిన మాస్, అదే తడి నాచు, ఇందాకే విప్పి చూశా, ఒళ్ళు మండిపోతోంది, రాతలో తప్పులుంటే ఏమనుకోకండి. అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు, రేర్ మొక్కలు కొనేవాళ్ళలో చాలామందికి తెలిసిన మనిషే. సగం తెలుపు సగం పచ్చ ఆకు ఫోటో పెట్టి "ఒక ఆకు, ఒక కణుపు, వేరు పట్టిన కటింగ్" అని అమ్ముతారు. నేను రెండేళ్ళుగా ఆల్బో కోసం చూస్తున్నా, ఆ ఆకు చూడగానే ఆగలేకపోయా, డబ్బులు పంపేశా.

పార్సెల్ బాగానే వచ్చింది. కాండం ముక్క చుట్టూ తడి మాస్, దాని మీద కవరు, దాని మీద టేపు. "అక్కా, మూడు నెలల దాకా విప్పకండి అక్కా, వేర్లు కదిలితే కుళ్ళిపోతుంది" అని మెసేజ్. సరే అని విప్పలేదు. నేరుగా ఎండ పడకుండా వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టా, మాస్ ఆరకుండా చూసుకున్నా, పైకి పాకడానికి పోల్ కూడా ముందే తెచ్చిపెట్టుకున్నా. రోజూ లేవగానే చిగురు వచ్చిందేమో అని చూడటమే పని. వేర్లు కవరు నిండా కనిపిస్తున్నాయి, చిగురు మాత్రం లేదు. తెల్ల భాగం అంచులు గోధుమ రంగుకి తిరిగాయి, ఆల్బోకి అది మామూలే, తెలుపులో పత్రహరితం ఉండదు కాబట్టి పచ్చ భాగమే దాన్నీ పోషించాలి, అందుకని దానికి కంగారు పడలేదు. నేనే ఏదో తప్పు చేస్తున్నానేమో అని కిటికీ మార్చా, నీళ్ళు మార్చా, తేమ సరిపోవట్లేదేమో అని హ్యూమిడిఫయర్ పెట్టా.

ఇవాళ ఇక ఆగలేక విప్పా. ఊడ ఉంది, దానికి బోలెడు వేర్లు ఉన్నాయి, ఆకు కాడ ఉంది, కన్ను లేదు! ఆకు కాడ కాండాన్ని పట్టుకుని ఉండే మూలలో, సరిగ్గా కన్ను ఉండాల్సిన చోట కత్తితో చెక్కి తీసిన గుంట ఉంది, ఎండిపోయి నల్లబడి ఉంది. అంటే నాకు పంపకముందే తీసేశారు. కన్ను లేని ముక్క ఎన్ని వేర్లు వేసినా కొత్త చిగురు వెయ్యదు, ఆ ఒక్క ఆకు ఉన్నన్నాళ్ళు ఉంటుంది, అంతే.

వెంటనే ఫోటో తీసి పంపా. వచ్చిన జవాబు: "మేడమ్, వేర్లు వచ్చాయి కదా, ఇంకేం కావాలి?" కణుపు అని రాశారు కదా అని పాత పోస్టు చూపించా. "కణుపు అన్నాను, ఇచ్చాను. కన్ను ఉందని ఎక్కడన్నా రాశానా? పెంచడం రాకపోతే నా మీద పడకండి" అన్నారు. తర్వాత బ్లాక్. డబ్బులు పంపేదాకా మాటకి ముందొక అక్కా వెనకొక అక్కా. డబ్బు పోయినదానికంటే ఆ "పెంచడం రాకపోతే" అన్న మాట నాకు ఇంకా చెవిలో మోగుతోంది. మూడు నెలలు పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నా నేను.

నా మీద నాకూ కోపంగానే ఉంది. మామూలు పచ్చ మాన్‌స్టెరా నా చేత్తో ఎన్నిసార్లు కోసి పెంచానో, చెరకు గడకి ఉన్నట్టే కణుపు దగ్గర కన్ను ఉబ్బెత్తుగా వేలికి తగులుతుందని తెలుసు, వచ్చినరోజు ఒక్కసారి తడిమి ఉంటే సరిపోయేది. విప్పొద్దన్నది వేర్ల కోసం కాదు, వారంలోపే కంప్లైంట్ చెయ్యాలన్న వాళ్ళ గడువు దాటిపోవడానికని ఇప్పుడు అర్థమైంది.

కొనేవాళ్ళు ఆకు ఫోటో చూసి డబ్బులు పంపకండి, కాండం చుట్టూ తిప్పి వీడియో తీయమనండి, కన్ను కనపడాలి, కన్ను ఉన్నచోట తెల్ల చార కూడా ఉండాలి. అక్కడ కాండం మొత్తం పచ్చగా ఉంటే ఆకు ఎంత తెల్లగా ఉన్నా చిగురు పచ్చగానే రావొచ్చు, మొత్తం తెల్లగా ఉంటే వచ్చే ఆకులు నిలబడవు. పార్సెల్ విప్పేటప్పుడు మీరూ వీడియో తీసుకోండి. ఈమధ్య ఇలా మాస్ కట్టిన కటింగ్ వచ్చినవాళ్ళుంటే విప్పొద్దన్నారని ఆగకండి, గడువు ఉండగానే ఇవాళే విప్పి చూసుకోండి.