ఇస్తాంబుల్‌లో ప్రైవేటు గైడు: కొన్నేళ్ల అనుభవం తర్వాత

మా అమ్మాయి కుటుంబం ఇస్తాంబుల్‌లో స్థిరపడినప్పటి నుంచి మేము తరచుగా అక్కడికి వెళ్తున్నాం. వెళ్లిన ప్రతిసారీ హైదరాబాదు నుంచి ఎవరో ఒక బంధువు మాతో వస్తారు. వారికి ఊరు చూపించడానికి మొదట్లో పెట్టుకున్న గైడునే నేటికీ పిలుస్తున్నాం. ఆమెలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఒకటుంది. రుజువున్న సంగతిని, జనం చెప్పుకునే కథను, తనకు తెలియని విషయాన్ని ఆమె ఎన్నడూ కలగలిపి చెప్పదు. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించే.

గలాతా బురుజు దగ్గర అందరూ చెప్పే కథ ఒకటుంది. 17వ శతాబ్దంలో హెజార్ఫెన్ అహ్మద్ చెలెబి అనే ఆయన రెక్కలు కట్టుకుని ఆ బురుజు మీది నుంచి దూకి, బాస్ఫరస్ జలసంధిని దాటి, ఆసియా వైపు ఉన్న ఉస్కుదార్‌లో దిగాడని ఆ కథ. అంతకు ముందు మాకు హోటల్ వాళ్లు కుదిర్చిన వ్యక్తి దీన్ని కళ్లతో చూసినట్టే చెప్పి, ఆ సాయంత్రమే మమ్మల్ని తివాచీల దుకాణంలో కూర్చోబెట్టాడు. ఈమె కూడా ఆ కథను ఆసక్తిగానే చెప్పింది, కానీ ఎవ్లియా చెలెబి అనే యాత్రికుడి రాతల్లో తప్ప దానికి ఆ కాలపు ఆధారం లేదని, చాలామంది చరిత్రకారులు నమ్మరని కూడా చెప్పింది. నేల కింది బసిలికా నీటి తొట్టిలో 336 స్తంభాలున్నాయి. వాటిలో రెండింటి అడుగున ఉన్న, గ్రీకు పురాణాల్లోని పాము జుట్టు స్త్రీ మెడూసా తలల్లో ఒకటి తలకిందులుగా, ఒకటి పక్కకు ఒరిగి ఉంటుంది. ఎందుకలా పెట్టారని అడిగితే, పాత కట్టడాల రాళ్లను తెచ్చి ఆధారంగా వాడుకుని ఉంటారని, అంతకు మించి చెప్పేదంతా ఊహేనని ఒక్క మాటలో ముగించింది.

ఈ గుణం విలువ నాకు పూర్తిగా తెలిసింది దోల్మాబాహ్చే రాజప్రాసాదంలో. ఆ ఏడు మాతో వచ్చిన మా వదినగారు హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో పుట్టారు. ఆఖరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ ఉన్న భవనం ఇదేనని వినగానే ఆమె, ఆయన కూతురు, తర్వాత నిజాం ఇంటి కోడలైన దుర్రుషెహ్వార్ పుట్టిన ఇల్లు ఏదని అడిగారు. ఖలీఫా సంగతులన్నీ గైడుకు క్షుణ్ణంగా తెలుసు. 1924 మార్చి 3న ఖిలాఫత్ రద్దయిందని, ఆ వెంటనే తెల్లవారకముందే ఆయన కుటుంబాన్ని కార్లలో చతాల్జా స్టేషనుకు తీసుకువెళ్లి రైలెక్కించారని, ఊళ్లోని పెద్ద స్టేషనైన సిర్కెజీకి తీసుకువెళ్తే జనం గుమిగూడతారని అలా చేశారని వివరించింది. కూతురు హైదరాబాదు కోడలైందని మాత్రం పైపైన విన్నానని, పుట్టిన ఇల్లు తనకు తెలియదని, కాస్త సమయమిస్తే కనుక్కుంటానని అంది. విదేశాల్లో గైడు నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదలు.

తర్వాతి వారం ఆమే ఫోన్ చేసింది. ఎమినోను రేవులో పడవెక్కి ఉస్కుదార్‌కు వెళ్లాం. రేవు ఎదురుగానే ప్రసిద్ధ వాస్తుశిల్పి సినాన్ కట్టిన మిహ్రిమా సుల్తాన్ మసీదు ఉన్నా ఆమె అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. టాక్సీలో బాగ్లర్‌బాషీ వరకు తీసుకువెళ్లి, చెట్ల వెనుక ఉన్న ఒక పాత భవనాన్ని గేటు బయటి నుంచి చూపించింది. అది ఖలీఫా కాకముందు అబ్దుల్ మజీద్ వాడుకున్న భవనమని, ఆయన మంచి చిత్రకారుడని, ఇప్పుడది ప్రైవేటు ఆస్తి కనుక ప్రదర్శనలున్న రోజుల్లో తప్ప లోపలికి వెళ్లలేమని చెప్పింది. దుర్రుషెహ్వార్ 1914లో ఈ చుట్టుపక్కలే, చామ్లిజా వైపు పుట్టిందని తాను చదివానని, అయితే ఆ ఇల్లు ఏదో, ఇప్పటికీ నిలిచి ఉందో లేదో తేల్చుకోలేకపోయానని అంది. ఇదే ఆ ఇల్లు అని చెప్పి ఉంటే మేము మారు మాట్లాడకుండా నమ్మేవాళ్లం, ఫోటోలు తీసుకుని చుట్టాలందరికీ పంపేవాళ్లం. ఆమె ఆ సులువైన దారి తొక్కలేదు.

ఆ గేటు దగ్గర చెప్పేవారు, వినేవారు తారుమారయ్యారు. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం పెద్ద కుమారుడు ఆజం జాకు దుర్రుషెహ్వార్‌ను, రెండవ కుమారుడు మొఅజ్జం జాకు అదే వంశపు రాకుమారి నీలోఫర్‌ను ఇచ్చి పెళ్లి చేశారని, పురుడు సమయంలో తన పరిచారిక చనిపోవడంతో కలత చెందిన నీలోఫర్ చొరవ వల్లే ఆ ఆసుపత్రి వెలిసిందని, దుర్రుషెహ్వార్ పేరు మీద పాతబస్తీలో మరో ఆసుపత్రి ఉందని మా వదినగారు ఒక్కొక్కటే చెబుతుంటే గైడు నోటు పుస్తకంలో రాసుకుంది. మరుసటి ఏడు మా చెల్లెలి కుటుంబం వచ్చినప్పుడు అవే సంగతులు చెబుతూ, ఇవి మీ వదినగారు నాకు చెప్పినవి అని స్పష్టంగా అంది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

భోజనం దగ్గరా ఆమెది అదే పద్ధతి. అక్కడి పప్పు సూపును కొన్నిచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు. మేము శాకాహారులం కావడంతో ఆమె ప్రతిచోటా వంటవాణ్ణి అడిగి నిర్ధారించుకున్నాకే మమ్మల్ని కూర్చోనిస్తుంది.

టర్కీలో 2012 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవారే గైడుగా పనిచేయాలి. ఆ కార్డును మెడలో వేసుకుంటారు, దాన్ని అడిగి చూడవచ్చు. రోజు రుసుముకు ప్రభుత్వమే ఏటా కనీస మొత్తాన్ని ప్రకటిస్తుంది. ఇది తలకింతని కాక రోజుకింతని ఇచ్చేది కనుక నలుగురైదుగురు కలిసి వెళ్తే భారం తెలియదు. టికెట్లు, వాహనం మాత్రం విడి ఖర్చులు.

ఇంతవరకు రాసినది అబద్ధం కాదు గానీ, ఆమె బలమంతా ఉస్మానియా (ఒట్టోమన్) సుల్తానుల కాలపు చరిత్రలోనే ఉందని చెప్పకపోతే చదివేవారికి న్యాయం చేసినట్టు కాదు. 14వ శతాబ్దపు మొజాయిక్ చిత్రాలకు పేరుపొందిన, ఒకప్పుడు చర్చి అయిన కరియే కట్టడం 2024లో మసీదుగా తిరిగి తెరుచుకున్నాక ఆమెతోనే వెళ్లాం. ఆ చిత్రాలు చేయించిన థియోడోర్ మెటొఖితీస్ పెద్ద తలపాగాలాంటి టోపీతో మోకరిల్లి క్రీస్తుకు చర్చి నమూనా అందిస్తున్న దృశ్యం వరకు బాగానే వివరించింది. మరియమ్మ బాల్యాన్ని చూపే దృశ్యాల దగ్గర మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా తెలియదనే సమాధానమే వచ్చింది. నిజాయితీ ఎంత గొప్పదైనా, పూర్తి రోజు రుసుము ఇచ్చి గోడ ముందు నిలబడ్డవారికి వివరణ కూడా కావాలి. హాగియా సోఫియాలో 2024 నుంచి విదేశీ సందర్శకులను 25 యూరోల టికెట్టుతో పై వసారాకే అనుమతిస్తున్నారు. అక్కడ చూడవలసినవి ఎక్కువగా ఉస్మానియాలకు ముందున్న క్రైస్తవ బైజాంటైన్ సామ్రాజ్య కాలపువే కనుక ఆ పూట ఆమె అవసరం తక్కువని ఇప్పుడు అనుకుంటున్నాను.

మా బావగారికి ఆమె అసలు నచ్చలేదు. కథ రసవత్తరంగా సాగుతుండగా ఆధారం లేదని మధ్యలో ఆపడం ఆయనకు చిరాకు తెప్పించింది. సెలవుల్లో సరదాగా తిరగడానికి వచ్చిన మనిషి అలా అనుకోవడంలో నాకు తప్పు కనిపించదు. పైగా మాకు అక్కడ ఉండడానికి కూతురి ఇల్లుంది. ఒక ప్రశ్నకు జవాబు వారం తర్వాత వచ్చినా మేము ఆ ఊళ్లోనే ఉంటాం. విమానం మారే మధ్యలో ఒకటి రెండు రోజులు ఆగేవారికి ఆ వీలుండదు, వారికి చకచకా చూపించి పంపే గైడే మేలు కావచ్చు. మా వరకు ఉస్కుదార్, సులేమానియే మసీదు, పాత బజారు వైపు తిరగడానికి ఆమెనే పిలుస్తాం. కరియేను మళ్లీ చూడడానికి మాత్రం బైజాంటైన్ కళ చదివిన మరొక గైడును కుదర్చమని ఆమెనే అడిగాను, ఆమె సంతోషంగా ఒప్పుకుంది.