రెండు చుక్కల ఫైలు పేరు: ఏ ఎడిటర్ పద్ధతి మేలు?

ఫైలు పేరు చివర ఒకే ఎక్స్‌టెన్షన్ (చుక్క తర్వాత వచ్చి ఫైలు రకాన్ని చెప్పే ముక్క) ఉంటే కోడ్ రాసే టెక్స్ట్ ఎడిటర్లకు సాధారణంగా ఇబ్బంది లేదు. ‘సెట్టింగ్స్.జేసన్’ను వాటిలో ఎందులో తెరిచినా, కోడ్ భాగాలను వేరుచేసి చూపే రంగులు సరిగ్గానే పడతాయి. మార్పులు చేసే ముందు దానికే ‘సెట్టింగ్స్.జేసన్.బ్యాక్’ అని నకలు తీసి, ఆ నకలును తెరిచి చూడండి. విమ్ అనే ఎడిటర్ దాన్ని జేసన్‌గానే, అంటే డేటా రాసే ఆ ఫార్మాట్‌గానే గుర్తిస్తుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, వీఎస్ కోడ్ ఎడిటర్లు సాదా టెక్స్ట్‌గా చూపిస్తాయి. ఏ బ్రాకెట్ మూయడం మరిచామో వెతుక్కునే వేళ రంగులు లేకపోతే కళ్లకు పెద్ద శ్రమ.

ఈ తేడాకు కారణం పేరును చదివే పద్ధతి. అలాంటివి ప్రధానంగా మూడున్నాయి.

మొదటిది చివరి చుక్క తర్వాత ఉన్న ముక్కనే చూడటం. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌ది ఈ దారి. తేలికైనదే, కానీ చివరి ముక్క ‘బ్యాక్’ అయితే దానికి ముందున్న ‘జేసన్’ దాని లెక్కలోకే రాదు. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

రెండోది సరిపోలిన వాటిలో అన్నిటికంటే పొడవైన ఎక్స్‌టెన్షన్‌కు పట్టం కట్టడం. వీఎస్ కోడ్ చేసేది ఇదే. ‘హోమ్.బ్లేడ్.పీహెచ్‌పీ’ అనే లారవెల్ (పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) టెంప్లేట్ మామూలుగా పీహెచ్‌పీ ఫైలుగా తెరుచుకుంటుంది. ‘.బ్లేడ్.పీహెచ్‌పీ’ తనదని చెప్పుకునే అదనపు ప్యాకేజీని వీఎస్ కోడ్‌లో వేసుకుంటే, అది ‘.పీహెచ్‌పీ’ కంటే పొడవు కాబట్టి గెలుస్తుంది. ‘.జేఎస్.మ్యాప్’, ‘.సీఎస్ఎస్.మ్యాప్’ ఫైళ్లు వీఎస్ కోడ్‌లో జేసన్‌గా తెరుచుకోవడం వెనుక ఉన్నదీ ఇదే. ఆ జంటలు జేసన్ జాబితాలో ముందే నమోదై ఉన్నాయి. ఉత్త ‘.మ్యాప్’ మాత్రం అందులో లేదు. ఆ పేరుతో వేరే రకాల ఫైళ్లూ ఉంటాయి గనుక, ఆ జాగ్రత్త నాకు బాగా నచ్చింది.

రెండు ముక్కలూ కలిసి ఒకే రకాన్ని సూచించేటప్పుడు ఇంతకు మించిన పద్ధతి లేదు. చిక్కల్లా ప్రతి జంటనూ ఎవరో ఒకరు ముందుగా నమోదు చేసి ఉండాల్సి రావడం. నకలు ఫైళ్ల కోసం ‘ఫైల్స్.అసోసియేషన్స్’ సెట్టింగ్‌లో ‘*.జేసన్.బ్యాక్’ అంటే జేసన్ అని రాసుకోవచ్చు. రాస్తే చక్కగా పనిచేస్తుంది. ఆ తర్వాత యామల్‌కు ఒకటి, పైథాన్‌కు ఒకటి, మళ్లీ ‘.ఓల్డ్’కు, ‘.ఆరిగ్’కు విడివిడిగా రాస్తూ పోవాలి. దానికి అంతు లేదు.

మూడోది పొరపొరగా ఒలవడం. చివరి ముక్క ఫైలు రకాన్ని కాక దాని స్థితిని చెబుతుంటే, దాన్ని తీసేసి మిగిలిన పేరును మళ్లీ మొదటి నుంచి పరీక్షిస్తారు. విమ్ దగ్గర అలాంటి ముక్కల జాబితా సిద్ధంగా ఉంది: ఆరిగ్, బ్యాక్, ఓల్డ్, న్యూ, వాటితో పాటు లినక్స్ ప్యాకేజీలను అప్‌డేట్ చేసినప్పుడు మిగిలిపోయే డీపీకేజీ-ఓల్డ్, ఆర్పీఎంసేవ్, ప్యాక్‌న్యూ వంటివి. ఈమాక్స్ అనే ఎడిటర్ కూడా ‘ఆరిగ్’, ‘బ్యాక్’, ‘ఇన్’ ముక్కలను ఒలిచేస్తుంది. అందుకే ‘కాన్ఫిగ్.హెచ్.ఇన్’ అందులో సీ భాష హెడర్‌గానే తెరుచుకుంటుంది. కుదించిన ఫైళ్లకుండే ‘.జీజెడ్’ను ఒలవడంతో ఈ రెండూ ఆగవు. ఫైలును విప్పి లోపలి పాఠాన్ని దాని సొంత రకంలో చూపిస్తాయి, సేవ్ చేస్తే మళ్లీ కుదించి పెడతాయి. అదే ఫైలును వీఎస్ కోడ్‌కు ఇస్తే అది బైనరీ అని హెచ్చరిస్తుంది.

విమ్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ‘అప్‌డేట్.జేఎస్.ఈఆర్‌బీ’ అనే రూబీ టెంప్లేట్‌లో చివరి ‘ఈఆర్‌బీ’ పారేయాల్సిన ముక్క కాదు, లోపలి ‘జేఎస్’ కూడా కాదు. విమ్ రెంటినీ నిలుపుకుని, జావాస్క్రిప్ట్ మధ్యలో రూబీ ఉందని గ్రహించి రెండు భాషలకూ రంగులు వేస్తుంది.

ఒలిచే ఎడిటర్లు కూడా పొరబడే చోటు ఒకటుంది. పాత లాగ్‌ను పక్కకు తప్పించినప్పుడు ‘సర్వర్.లాగ్.1’ వంటి పేరు వస్తుంది. యూనిక్స్ మాన్యువల్ పేజీల పేర్లూ అంకెతోనే ముగుస్తాయి గనుక, ఈమాక్స్ ఆ లాగ్‌ను మాన్యువల్ పేజీ అనుకుని ఎన్‌రాఫ్ (ఆ పేజీలు రాసే భాష) మోడ్‌లో తెరుస్తుంది. విమ్ పేరును మాత్రమే నమ్మదు. మొదటి ఐదు వరుసల్లో ఏదైనా చుక్కతో మొదలైతేనే ఎన్‌రాఫ్ అంటుంది. అయిదు వరుసలు చదివితే తప్పే అనుమానాన్ని పేరుకు వదిలేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

ఆ విషయంలో ఈమాక్స్‌ను పూర్తిగా తప్పుపట్టలేం. ఫైలు మొదటి వరుసలో మోడ్ పేరు రాసి ఉంటే, ఎక్స్‌టెన్షన్ ఏదైనా అది ఆ మాటకే కట్టుబడుతుంది. స్క్రిప్ట్ పైన ఏ ప్రోగ్రామ్‌తో నడపాలో సూచించే వరుస ఉన్నా అంతే. వీఎస్ కోడ్ దీనికి తిరగేసి నడుస్తుంది. పేరుతో ఏ రకమూ తేలనప్పుడే మొదటి వరుస వైపు చూస్తుంది.

సర్వర్లలో కాన్ఫిగరేషన్ ఫైళ్లు దిద్దేవారికి, ప్యాచ్‌లతో (కోడ్ మార్పుల ఫైళ్లతో) పనిచేసేవారికి విమ్ మేలు. వారి ముందుకు వచ్చే జంట పేర్లలో ఎక్కువ భాగం స్థితిని చెప్పేవే. వెబ్ టెంప్లేట్లు రాసేవారికి వీఎస్ కోడ్ చాలు, వారు వాడే జంటలను ఆయా ఫ్రేమ్‌వర్క్ ప్యాకేజీలు ముందే నమోదు చేసి ఉంచుతాయి. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఒలిచే పద్ధతికే. కొత్త భాష వచ్చినా దాని నకళ్ల కోసం ఎవరూ మళ్లీ నియమం రాయనక్కర్లేదు. వీఎస్ కోడ్ తన పొడవు నియమాన్ని ఉంచుకుంటూనే ‘బ్యాక్’, ‘ఆరిగ్’, ‘ఓల్డ్’ ఈ మూడింటిని ఒలిచినా చాలు, నకలు ఫైళ్ల బాధ చాలావరకు తీరిపోతుంది.