క్యాన్సర్‌ను ముందే పట్టే రక్తపరీక్ష: కణితి ప్రొటీన్‌ను వెతకాలా, శరీరం తయారుచేసిన యాంటీబాడీనా?

క్యాన్సర్‌ను రక్తంలోనే ముందుగా పట్టాలన్న ప్రయత్నాల్లో యాంటీబాడీలను రెండు రకాలుగా వాడుతున్నారు. ల్యాబ్‌లో తయారుచేసిన యాంటీబాడీతో కణితి వదిలే ప్రొటీన్‌ను వెతకడం ఒక దారి. కణితిని గుర్తుపట్టి మన శరీరమే తయారుచేసుకున్న యాంటీబాడీలను, అంటే ఆటోయాంటీబాడీలను, వెతకడం రెండో దారి. పైకి చూస్తే రెండూ ఒకటే: కాస్త రక్తం, 96 గుంటల ఎలైసా ప్లేటు (వెతికేది యాంటీబాడీకి అంటుకుంటే రంగు వచ్చే పరీక్ష), చివర్లో రంగు. పట్టేది మాత్రం వేర్వేరు.

మొదటి దారి పాతది. పెద్దపేగు క్యాన్సర్‌లో పెరిగే సీఈఏ అనే ప్రొటీన్‌ను 1965లో మాంట్రియల్‌లో గుర్తించారు. 1981లో అండాశయ క్యాన్సర్‌కు వాడే సీఏ-125 వచ్చింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడే పీఎస్‌ఏ కూడా ఇలాంటిదే. చికిత్స ఎలా పనిచేస్తోంది, జబ్బు తిరగబెట్టిందా అని చూడ్డానికి ఇవి నిజంగా ఉపయోగపడతాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలో జబ్బును వెతకాల్సి వచ్చేసరికే చిక్కంతా. చిన్న కణితి వదిలే ప్రొటీన్ చాలా తక్కువ. పైగా అదే ప్రొటీన్‌ను మామూలు కణాలు కూడా వదులుతాయి. నెలసరి సమయంలో, గర్భంతో ఉన్నప్పుడు, ఎండోమెట్రియోసిస్‌లో (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) కూడా సీఏ-125 పెరుగుతుంది. వయసుతో ప్రొస్టేట్ ఉబ్బినా పీఎస్‌ఏ పెరుగుతుంది.

బ్రిటన్‌లో 2001లో మొదలై 2 లక్షల మందికి పైగా మహిళలతో సాగిన అండాశయ క్యాన్సర్ ట్రయల్‌ను నేను ఎప్పటికీ మర్చిపోను. వారిలో ఒక వర్గానికి ఏటా సీఏ-125 చూసి, దాని పెరుగుదలను లెక్కగట్టి, అనుమానం వస్తే స్కాన్ చేశారు. కొన్ని కేసులు ముందు దశలోనే దొరికాయి కూడా. అయినా 2021లో వచ్చిన తుది ఫలితాల్లో మరణాలు తగ్గలేదు.

రెండో దారికి ఉన్న బలం జీవశాస్త్రంలోనే ఉంది. కణితి కొద్దిపాటి వింత ప్రొటీన్‌ను బయటపెట్టినా రోగనిరోధక వ్యవస్థ దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలను కుప్పలుగా తయారుచేస్తుంది. అంటే చిన్న సంకేతాన్ని శరీరమే పెద్దది చేసి చూపిస్తుంది. యాంటీబాడీలు రక్తంలో వారాలపాటు నిలుస్తాయి కాబట్టి కొలవడమూ తేలిక. రొమ్ము క్యాన్సర్ రోగుల్లో పీ53 అనే ప్రొటీన్‌పై (కణాలు అదుపు తప్పకుండా చూసేది) ఇలాంటి యాంటీబాడీలను 1982లోనే చూశారు.

అయితే అందరి శరీరం ఒకేలా స్పందించదు. ఏ ఒక్క ఆటోయాంటీబాడీ అయినా కొద్దిమంది రోగుల్లోనే కనిపిస్తుంది. అందుకే ఐదారింటిని కలిపి ప్యానెల్‌గా చూస్తారు. అలా చేసినా పెద్ద ఖాళీలే మిగులుతాయి. స్కాట్లండ్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న 12,208 మందిపై ఏడు ఆటోయాంటీబాడీల పరీక్షను ప్రయత్నించారు. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం, రెండేళ్లలో 3, 4 దశల్లో బయటపడ్డ కేసులు పరీక్ష చేయని వర్గంలో 52 ఉంటే, చేసిన వర్గంలో 33. ఇది ఆశ కలిగించే అంకె. కానీ పరీక్ష చేసిన వర్గంలో క్యాన్సర్ బయటపడిన 56 మందిలో 18 మందికే పాజిటివ్ వచ్చింది. మిగతావాళ్లు నెగటివ్ చూసి ధీమాగా ఉండిపోయే ప్రమాదం నన్ను కలవరపెడుతుంది.

తప్పుడు పాజిటివ్ బెడద రెండింటికీ ఉంది. 10,000 మందిలో 40 మందికి క్యాన్సర్ ఉందనుకుందాం. ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టి, లేనివారిలో 95 శాతానికి సరిగ్గా లేదని చెప్పే పరీక్ష చాలా మంచిదనిపిస్తుంది. అది 36 మందిని పడుతుంది. దాంతోపాటు ఏ జబ్బూ లేని 498 మందిని టెన్షన్‌లోకి, స్కాన్‌లలోకి, బయాప్సీలలోకి నెడుతుంది. ప్రొటీన్ పరీక్షలో ఇంకో తంటా: కొందరి రక్తంలో జంతువుల యాంటీబాడీలను (ల్యాబ్‌లో వాడేవి ఎక్కువగా ఇవే) పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. అవి గుంట అడుగున అంటించిన యాంటీబాడీని, పైన పోసిన రంగు యాంటీబాడీని వంతెనలా కలిపేస్తాయి. మామూలుగా ఆ రెండింటి మధ్య ప్రొటీన్ ఉంటేనే రంగు రావాలి, ఇక్కడ ప్రొటీన్ లేకుండానే వచ్చేస్తుంది.

కణితి డీఎన్‌ఏను వెతికే కొత్త పరీక్షల్లో తప్పుడు పాజిటివ్‌లు చాలా తక్కువ. వాటి బలహీనత మొదటి దశలో ఉంది. 2021లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో ఇలాంటి పరీక్ష నాలుగో దశ క్యాన్సర్లలో 90 శాతాన్ని పట్టింది, మొదటి దశలో మాత్రం 17 శాతాన్నే.

నన్నడిగితే, ముందే పట్టడం కోసం మొదట శ్రమ పెట్టాల్సింది ఆటోయాంటీబాడీ ప్యానెళ్ల మీదే. కానీ అందరికీ కాదు, పొగతాగే అలవాటో కుటుంబ చరిత్రో వల్ల ముప్పు ఎక్కువున్నవారికి, స్కాన్‌కు తోడుగా. నెగటివ్ వచ్చిందని స్కాన్ మానేయమని మాత్రం చెప్పకూడదు. ప్రొటీన్ మార్కర్లను చికిత్స తర్వాతి నిఘాకు ఉంచుకోవచ్చు, లేదా ప్యానెల్‌లో కలపవచ్చు.

ఏ పరీక్ష తయారుచేసినా, జబ్బు ఖరారైన రోగుల రక్తంతోనే సరిపెట్టడం నాకు ఒప్పుదల కాదు. జబ్బు బయటపడక ముందే తీసి భద్రపరచిన నమూనాల మీద నెగ్గాలి, ఆ తర్వాత ట్రయల్‌లో మరణాలు తగ్గాయని చూపాలి. అప్పటిదాకా దాన్ని ఆరోగ్యవంతులకు చెకప్ ప్యాకేజీలో అమ్మకూడదు.