పాత సుత్తితో టామహాక్: రేణిగుంట రోడ్డు కొలిమి పనితనం

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కనున్న ఈ కొలిమికి పాత సుత్తి తల పట్టుకెళితే, అమెరికా ఆదివాసుల టామహాక్ తీరులో చేతిగొడ్డలి కొట్టిస్తారు. సాగగొట్టడం, పదును పెట్టడం (ఉక్కును కాల్చి, ముంచి గట్టిపరచడం) రెండూ నికరమైన పని. కామ (పిడి కర్ర) మాత్రం వాళ్ళ దగ్గర వేయించుకోకండి.

సుత్తి మీరే ఎంచుకుని ఇవ్వాలి. ఒకవైపు గుండ్రటి బుడిపె ఉండే 800 గ్రాముల బాల్‌పీన్ సుత్తి సరిగ్గా సరిపోతుంది. 500 గ్రాములదైతే అలుగు (గొడ్డలి రేకు) చిన్నదైపోతుంది. పోత ఇనుముది వద్దే వద్దు, వేడి మీద దెబ్బ పడితే పెళ్ళలుగా రాలిపోతుంది. గ్రైండర్ ఆనిస్తే తెలిసిపోతుంది: ఉక్కుకు పొడుగ్గా, కొసన చీలే నిప్పురవ్వలు వస్తాయి, పోత ఇనుముకు పొట్టిగా, ఎర్రగా వస్తాయి. దెబ్బలు తిని అంచులు పుట్టగొడుగులా విచ్చుకున్న తలైతే ఆ అంచులు ముందే అరగదీయించండి. అలాగే కొడితే అవి లోపలికి మడతపడి, పదును పెట్టేటప్పుడు అక్కడే పగులు తీస్తుంది. క్రోమ్ పూత ఉంటే అదీ గీకేయాలి, దాని పొగ మంచిది కాదు.

సుత్తికి కన్ను (కామ దూరే రంధ్రం) ముందే ఉంది కాబట్టి సగం పని అయినట్టే, కానీ పాడయ్యేదీ ఆ కన్నే. ఇక్కడ కొట్టేటప్పుడు, కోలగా సన్నబడే ఉక్కు కడ్డీ ఒకటి కంట్లో దిగ్గొట్టి, నలిగిన కంటిని మళ్ళీ మళ్ళీ సరిచేస్తారు. నారింజ రంగు వేడిలోనే సమ్మెట వేస్తారు. రంగు ముదురు ఎరుపుకు దిగగానే మళ్ళీ కొలిమిలో పెడతారు, తొందరపడి చల్లారిన ఉక్కును బాదరు. రెండు పక్కలా సమంగా కొడతారు కాబట్టి అలుగు కంటికి నడిమధ్యలో వస్తుంది.

నాకు బాగా నచ్చింది పదును పెట్టే తీరు. కొట్టడం అయ్యాక మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలికి ఆరనిస్తారు. దాంతో ఉక్కు లోపలి ఈడ్పు పోతుంది. తర్వాత అయస్కాంతం అంటని వేడి దాకా, అంటే సుమారు 770 డిగ్రీలు దాటి ఇంకాస్త కాల్చి, అంచు ఒక అంగుళం మాత్రమే గోరువెచ్చని చెనిక్కాయ నూనెలో ముంచుతారు. నీళ్ళలో ముంచితే పలచటి అంచు పగిలే ప్రమాదముంది. కన్ను మెత్తగానే ఉండాలి, దెబ్బ అదురు తట్టుకోవాల్సింది అదే. ఆఖర్న అంచును మెరిసేలా రుద్ది, కంటి వైపు నుంచి మెల్లగా వేడి పాకించి, గోధుమ రంగు ఊదాలోకి తిరిగేచోట ఆపేస్తారు. అంటే 250 నుంచి 270 డిగ్రీలు. గడ్డి రంగు దగ్గరే ఆపితే అంచు పెళుసై రాలుతుంది, నీలం దాకా పోతే మెత్తబడి వంగుతుంది.

కామ దగ్గరే చిక్కు. సగం ఆరిన నీలగిరి కర్ర వేస్తారు. మన ఎండలకు అది ముడుచుకుని తల ఊగుతుంది. పైగా సుత్తి కన్ను నడుమ ఇరుకు, రెండు కొసలా వెడల్పు. అందుకే కామ కింద నుంచి ఎక్కించి పైన చీల కొడతారు. టామహాక్ కన్ను అలా ఉండకూడదు, పైన వెడల్పు, కింద ఇరుకు ఉండాలి. అప్పుడు పికాసుకు లాగే కామ పైనుంచి దిగుతుంది, విసిరేకొద్దీ బిగుస్తుంది. ముందే చెబితే కడ్డీని పైవైపు నుంచే కొట్టి కన్ను అలా తీసిస్తారు, అడక్కపోతే సుత్తి కన్నే ఉంచేస్తారు. నల్లతుమ్మ కర్ర, బాగా ఎండింది, చార నిలువునా సాగింది, 45 నుంచి 50 సెంటీమీటర్లు, మీరే చెక్కించుకోండి.

తీసుకునేటప్పుడు అంచు మీద ఆకురాయి ఒకసారి లాగి చూడండి: జారిపోకూడదు, సులువుగా తినేయకూడదు, కష్టపడి కాస్త పట్టాలి. తర్వాత ఎండిన చింతకొమ్మ మీద పది వేట్లు వేయండి. అంచు రాలితే ఇంకాస్త ఊదా వైపు కాల్చమని, వంగితే మళ్ళీ మొదటి నుంచి పదును పెట్టమని అక్కడే ఇచ్చేయండి. కాదనరు.

ఇంటికి తెచ్చేటప్పుడు అంచుకు తోలు తొడుగు వేసి సంచిలో పెట్టుకోండి. ఎర్రచందనం దొంగల వల్ల శేషాచలం దారుల్లో బండిలో గొడ్డలి కనబడితే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.